వెంకమ్మ అడిగిన ఇంగ్లీషు

మొన్న హనుమకొండలోని ఒక ప్రైవేటు బడికి మా చెల్లెతో కలిసి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు, మాకంటే ముందున్న ఒక తల్లి టీచరును “మేడం, మావోడు ఇంగ్లీషుల మాట్లాడుతాండా?” అని అడిగింది. టీచరు సైగ చేయగానే పిల్లవాడు చేతులు కట్టుకుని ఒక రైమును గడగడా అప్పజెప్పాడు. ఆమె తృప్తిగా ఫీజు రసీదును మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు కన్యాశుల్కంలోని వెంకమ్మ గుర్తుకు వచ్చింది.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకాన్ని గురజాడ 1897లో అచ్చు వేయించి, 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అందులో కొడుకు వెంకటేశమూ, అతడికి ఇంగ్లీషు చెప్పే గిరీశమూ ఒకసారి ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. వాళ్ళు ‘ట్వింకిల్ ట్వింకిల్’ మొదలుకొని రేఖాగణితం, వ్యాకరణ సూత్రాల దాకా నోటికి వచ్చిన ముక్కలన్నీ ఒకరిపై ఒకరు విసురుకుంటారు. ఆ వెంటనే మేనమామ కరటకశాస్త్రి తెలుగు పద్యానికి అర్థం అడిగితే వెంకటేశం ఇంటికప్పు వైపు చూస్తాడు.

అక్కడ అందరం వెంకమ్మను చూసి నవ్వుతాం. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. కానీ కొలువూ, కోర్టూ, సర్కారు కాగితమూ తనకు రాని భాషలో నడుస్తున్నప్పుడు, ఆ భాష కొడుక్కి వచ్చిందో లేదో తేల్చుకునే దారి ఆ తల్లికి ఎక్కడుంది? తేల్చి చెప్పగలిగినవాడు ఆ ఇంట్లో గిరీశం ఒక్కడే. ఇంగ్లీషు చదువును తిట్టిపోసే ఆమె భర్త అగ్నిహోత్రావధాని సైతం, దావా కాగితాలకు అతడు పనికొస్తాడని తెలియగానే మెత్తబడతాడు.

అక్కడ ఇంగ్లీషు చేసిన పనిని, నిజాం ఏలుబడిలో ఉన్న మా వరంగల్‌లో ఉర్దూ చేసింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయాన్ని నెలకొల్పినవారు, కొలువు తెచ్చిపెట్టని భాష కోసం అంత శ్రమ పడ్డారన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అగ్నిహోత్రావధాని ఇంట్లో కొడుకు చదువుకు డబ్బు ఖర్చవుతుంది, కూతుళ్ళ పెళ్ళికి డబ్బు వస్తుంది. విధవరాలైన పెద్ద కూతురు బుచ్చమ్మకు గిరీశం ఉపన్యాసాలు వినిపిస్తాడే గాని అక్షరం నేర్పడు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదివించాలని వకీలు సౌజన్యారావు పంతులు నిర్ణయించేది నాటకం ముగియబోతున్నప్పుడే. అంటే నాటకంలో ఖాయమైన ఏకైక అసలు చదువు తెర పడ్డాకగాని మొదలు కాదు.

హనుమకొండ బడిలో ఆ తల్లి వెనుక పన్నెండేళ్ళ అమ్మాయి, ఆ పిల్లవాడి అక్కే, సర్కారు బడి యూనిఫాంలో నిలబడి ఉంది. సర్కారు బడుల్లోనూ 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. అయినా తమ్ముడి సంచి మోస్తున్న ఆ పిల్లను అక్కడ ఎవరూ ఏ రైమూ అడగలేదు.