ఒకే మాల్ట్, రెండు పొగలు

పొగ వాసన విస్కీల మీద మనసు పడ్డవాళ్లెవరితో మాట్లాడినా రెండో మాటకే పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క, ఇక్కడ పొగ లెక్క) వచ్చేస్తుంది. లాగవులిన్ ముప్పై అయిదేనట, ఆర్డ్‌బెగ్ యాభై దాటుతుందట, ఆక్టోమోర్‌లో ఒకటి మూడొందల పైమాటట. నిజమే, ఆక్టోమోర్ 8.3కి 309 పీపీఎం అని ప్రకటించారు. కానీ ఆ అంకె చూసి సీసా ఎంచుకోవద్దని చెప్పడానికే ఈ పోస్టు రాస్తున్నాను. గ్లాస్గో వచ్చాక నేను ఇష్టపడ్డ విస్కీల్లో ఎక్కువ భాగం స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపానివే. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేశాను. ఫినాల్ (పొగ వాసననిచ్చే రసాయనాల జాతి) అన్న మాట వినపడితే ఇప్పటికీ ఆగి వింటాను.

ముందు ఒక సంగతి. ఆ పీపీఎం బార్లీది, సీసాలో ఉన్న విస్కీది కాదు.

పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు పూర్తిగా కుళ్లిపోకుండా వేల ఏళ్లపాటు పేరుకున్న నల్లటి మట్టి. ఐలాలో చెట్లు తక్కువ, ఈ మట్టికి మాత్రం లోటు లేదు. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీ (దీన్నే మాల్ట్ అంటారు) కింద రాజేస్తారు. బార్లీ ఇంకా తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది, ఆరిపోయాక అంతగా అంటదు. అలా అంటుకున్న ఫినాల్స్‌ని కొలిచి చెప్పేదే పీపీఎం. అక్కడి నుంచి సీసా దాకా చాలా దూరం ఉంది. కొంత పొట్టుతో పోతుంది, కొంత బట్టీలో (మరిగించి, ఆవిరి పట్టి విస్కీ దించే రాగి పాత్రలో) పోతుంది, పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ మరికొంత. బట్టీ దాటేసరికే సగం దాకా తగ్గిపోవడం మామూలు.

నాకు తెలిసిన మంచి రుజువు లాగవులిన్ 16, కల్ ఈలా 12 (పేరు పక్కన అంకె పీపాలో గడిపిన ఏళ్లు). రెండూ ఐలావే, రెండూ డియాజియో కంపెనీవే, రెండింట్లోనూ ఆల్కహాల్ 43 శాతమే. మాల్ట్ కూడా రెండింటికీ పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే మాల్ట్ తయారీ కేంద్రం నుంచే వస్తుంది, అదీ ఇంచుమించు ఒకే మోతాదు పొగతో, 35 పీపీఎం ప్రాంతంలో. రెండు గ్లాసుల్లో పక్కపక్కన పోసుకుని చూడండి. ఒకే మాల్ట్ అంటే నమ్మబుద్ధి కాదు.

కల్ ఈలాలో బట్టీలు పెద్దవి, వాటిని నిండా నింపరు. పైకి లేచిన ఆవిరి రాగి గోడలకి తగిలి, బరువైన పదార్థాలు మళ్లీ కిందికి జారిపోతాయి. తేలికైనవే దాటి వెళతాయి. లాగవులిన్‌లో దీనికి పూర్తిగా ఎదురు. బట్టీలు దాదాపు నిండుగా ఉంటాయి, పైనుంచి వెళ్లే గొట్టం బాగా కిందికి వాలి ఉంటుంది, కాబట్టి బరువైనవి కూడా తోసుకుని వెళ్లిపోతాయి. దీనికి తోడు ఫినాల్స్ చాలావరకు బట్టీ చివర్లో దిగుతాయి. ఎక్కడ ఆపి, ఏది పీపాకి పంపాలో నిర్ణయించే మనిషి చేతిలో ఉంటుంది ఆ పొగ ఎంత రావాలన్నది. నాకు ఈ విస్కీల్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇక రుచికొద్దాం. కల్ ఈలా ముందు. ముక్కు దగ్గర పెట్టగానే నిమ్మతొక్క, ఆరిపోయిన నిప్పుల బూడిద, కొంచెం ఆలివ్ నూనె. నాలుక మీద శుభ్రంగా, సన్నగా జారిపోతుంది. పొగ చివర్లో వస్తుంది, అదీ పొడిగా. బ్లాక్ లేబుల్ తాగినవాళ్లకి ఆ పొగ కొత్తేమీ కాదు, పలు విస్కీలు కలిపి చేసే ఆ బ్లెండ్‌కి పొగనిచ్చే ముఖ్యమైన మాల్ట్ విస్కీ ఇదే.

లాగవులిన్‌కి తొందర పనికిరాదు. పోసి పది, పదిహేను నిమిషాలు గ్లాసు అలా వదిలేయండి. మొదట్లో ఆస్పత్రి వాసన వస్తుంది, అయొడిన్, సముద్రపు నాచు కలిసినట్టు. చాలామంది అక్కడే మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేస్తారు. ఆగినవాళ్లకి దాని కింద ఎండు ద్రాక్ష, కాచిన పంచదార, తడి తోలు ఒక్కొక్కటే తెలుస్తాయి. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లతో స్నానం చేస్తే ఒంటికి అంటుకుని ఉండే వాసన గుర్తుందా? గుక్క దిగాక నోట్లో మిగిలేది అదే. ఎంతసేపు నిలుస్తుందో చూడండి. పదహారేళ్లు పీపాలో ఉండి కరుకుదనం పోగొట్టుకున్న పొగ అది. తీపిని కప్పేయదు, దానితో కలిసి నడుస్తుంది.

తర్వాత నీళ్లు, చెంచాతో రెండు మూడు చుక్కలు. ఇది సోకు కోసం చెప్పడం లేదు. 2017లో స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో చూపించారు: పొగ వాసనకి ముఖ్య కారణమైన గ్వాయకాల్, ఆల్కహాల్ 45 శాతం, అంతకన్నా తగ్గినప్పుడు గ్లాసులో పై పొరకి చేరుతుంది. పై పొర మీదే కదా మన ముక్కుండేది. నా అనుభవంలో లాగవులిన్‌కి రెండు చుక్కలు పడగానే ఆస్పత్రి వాసన వెనక్కి తగ్గి పళ్లు ముందుకొస్తాయి. ఐస్ మాత్రం వేయకండి. చల్లబడితే వాసనలు మూసుకుపోతాయి, చేదు ఒక్కటే మిగులుతుంది.

మంచింగ్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. కారం వద్దే వద్దు. మిర్చి బజ్జీ, మసాలా పల్లీలు, చికెన్ 65 నాకూ ప్రాణమే, వాటికి వేరే సాయంత్రాలున్నాయి. మిరపకాయ మంట మీద 43 శాతం ఆల్కహాల్ పడితే నాలుకకి మంట తప్ప ఇంకేమీ తెలియదు. ఉప్పు వేయని వేయించిన జీడిపప్పు చాలు. బ్లూ చీజ్ దొరికితే లాగవులిన్ పక్కన చిన్న ముక్క పెట్టుకోండి, ఆ ఉప్పుకి విస్కీలోని తీపి బయటికొస్తుంది.

రెండు పెద్ద సీసాలు కొనాల్సిన పని లేదు. మంచి బార్‌లో సగం పెగ్గు చొప్పున అడిగితే సరిపోతుంది. ముందు కల్ ఈలా, తర్వాత లాగవులిన్. వరస మార్చకండి, బరువైనది ముందు తాగితే తేలికదాంట్లోని నిమ్మ అసలు దొరకదు. ఆ రెండూ అయ్యాక కూడా ఇంకా పొగ కావాలనిపిస్తే అప్పుడు ఆర్డ్‌బెగ్ 10 చెప్పండి. అది 46 శాతం, చిల్ ఫిల్టర్ చేయరు (చల్లబరిచి వడకట్టరు), కాబట్టి నీళ్లు పోస్తే కొంచెం మసకబారుతుంది. కంగారు పడకండి, అది దాని సహజ గుణం.