పవర్ బీఐలో పర్సెంటేజ్: టోటల్ రో దగ్గరే తేడా కొడుతుంది

పోయిన నెల రివ్యూ మీటింగ్‌కి పవర్ బీఐలో (డేటాతో రిపోర్టులు చేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) రిటర్న్స్ రిపోర్ట్ పెట్టా, ఏ షాపు నుంచి ఎంత శాతం సరుకు వెనక్కొస్తోందో చూపించేది. విజయవాడలో 1000 అమ్మితే 50 వెనక్కొచ్చాయి, అంటే 5 శాతం. గుంటూరులో 100 అమ్మితే 20, అంటే 20 శాతం. వరుసలు రెండూ కరెక్టే, కానీ కింద టోటల్‌లో 12.5 శాతం అని పడింది. అకౌంట్స్‌లో ఉండే అక్క ఫోన్లో లెక్కేసి "మొత్తం 1100లో వెనక్కొచ్చింది 70యే కదా, 6.36 రావాలి, ఈ పన్నెండున్నర ఎక్కడ్నుంచి వచ్చింది?" అని అడిగింది. నిజంగా నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత కూర్చుని చూస్తే తప్పు తెలిసింది, శాతాన్ని క్యాలిక్యులేటెడ్ కాలమ్‌గా (ఫార్ములాతో టేబుల్‌కి కలిపే కొత్త కాలమ్) చేసి, టేబుల్‌లో యావరేజ్ అని పెట్టా. కాలమ్ అంటే రిఫ్రెష్ అప్పుడే ఒక్కో వరుసకి లెక్కేసి దాచేసుకుంటుంది, ఇక దానికి సగటు తీస్తే 1000 అమ్మిన షాపుకీ 100 అమ్మిన షాపుకీ ఒకే విలువ ఇచ్చినట్టే. మెజర్ (కాలమ్‌లో దాచకుండా విడిగా రాసుకునే ఫార్ములా) అలా కాదు, ప్రతి గడిలో అక్కడున్న ఫిల్టర్‌ని బట్టి అప్పటికప్పుడు లెక్కేస్తుంది, టోటల్ దగ్గర కూడా మొత్తం రిటర్న్స్‌ని మొత్తం అమ్మకాలతో భాగిస్తుంది. కాబట్టి లవానికి ఒక సమ్, హారానికి ఒక సమ్, ఆ రెండిటి మీద డివైడ్ ఫంక్షన్. మామూలు స్లాష్ కంటే డివైడ్ ఎందుకంటే హారం సున్నా అయితే ఇన్ఫినిటీ లాంటివి చూపించకుండా ఖాళీగా వదిలేస్తుంది.

మొత్తంలో ఎంత వాటా అనే లెక్క ఇంకాస్త కష్టం, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం కూడా. హారంలో క్యాలిక్యులేట్ (ఫిల్టర్లు మార్చి లెక్కేసే ఫంక్షన్) లోపల ఆల్ (ఫిల్టర్లు తీసేసే ఫంక్షన్) వాడితే స్లైసర్‌లో (పేజీ మీద ఉండే ఫిల్టర్ బాక్స్) రెండు షాపులే ఎంచుకున్నా అన్ని షాపుల మొత్తంతోనే భాగిస్తుంది, ఆల్‌సెలెక్టెడ్ వాడితే ఎంచుకున్నవాటి మొత్తంతో. రెండూ కరెక్టే, చూసేవాళ్ళు ఏ ప్రశ్న అడుగుతున్నారో ముందు కనుక్కోండి. ఆల్‌కి సేల్స్ టేబుల్ మొత్తం ఇచ్చేస్తే సంవత్సరం ఫిల్టర్ కూడా ఎగిరిపోతుంది, షాపు పేరు కాలమ్ ఒక్కటే ఇవ్వండి.

ఏ నెల వాటా ఎంత అని ఇదే లెక్క నెలలకి వేస్తే మాత్రం నాకు సగం రోజు పోయింది. ప్రతి నెలా 100 శాతం అనే చూపిస్తోంది, ఫార్ములా ఎన్నిసార్లు చూసినా తప్పు కనపడదు. కారణం ఏంటంటే నెలల పేర్లు వరుసలో రావడానికి నెల నంబర్ కాలమ్‌తో సార్ట్ పెట్టా కదా, ఆ నంబర్ కూడా లోపల ఫిల్టర్‌గా కూర్చుంటుంది, పేరు మీద తీసేసినా నంబర్ మీద అలాగే ఉండిపోతుంది. ఆల్‌లో రెండు కాలమ్స్ ఇవ్వగానే సరైంది.

ఇంకొకటి, శాతం గుర్తు కోసం ఫార్ములాలో 100తో గుణించకండి, పైన మెజర్ టూల్స్‌లో పర్సెంటేజ్ ఫార్మాట్ ఎంచుకుంటే చాలు, రెండూ చేస్తే 6.36 కాస్తా 636 అవుతుంది. ఫార్మాట్ ఫంక్షన్ కూడా వద్దు, అది నంబర్‌ని టెక్స్ట్ చేసేస్తుంది, ఇక బార్ చార్ట్‌లో పెట్టలేం.

ఆ రిటర్న్స్ రిపోర్ట్ మళ్ళీ పంపా, ఈసారి శాతం పక్కనే అమ్మినవెన్ని, వెనక్కొచ్చినవెన్ని అని రెండు కాలమ్స్ కూడా పెట్టి. అక్క ముందు ఆ రెండే చూసింది.