లాన్ చానీ మేకప్ పెట్టెలో ఏముండేది?

మూకీల కాలపు హాలీవుడ్ నటుడు లాన్ చానీ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా అతను పడ్డ నొప్పుల లెక్కే రాస్తారు. 1923లో ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’ సినిమాలో గూనివాడి వేషానికి వీపు మీద 70 పౌండ్లు మోశాడన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది. అది పబ్లిసిటీ వాళ్ళ తూకం. అసలు ప్లాస్టర్ గూని బరువు దానికంటే చాలా తక్కువ. నిజానికి మాట్లాడుకోవాల్సింది అతని పనితనం గురించి. పెట్టెలో ఉన్నదంతా అప్పటి నాటకాల వాళ్ళకి తెలిసిన సరుకే మరి.

1883లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. తల్లికీ తండ్రికీ వినపడదు. తల్లి కీళ్ళవాతంతో మంచాన పడితే బడి మానేసి దగ్గరుండి చూసుకున్నాడు. ఊళ్ళో జరిగిన ముచ్చట్లన్నీ చేతులతో, ముఖంతో ఆమెకి ఆడి చూపించేవాడు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఊరూరా తిరిగే నాటకాలు. 1913లో అతని భార్య, గాయని క్లీవా, లాస్ ఏంజలస్‌లోని ఒక థియేటర్లో విషం తాగింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. ఆ గొడవతో నాటకాల్లో తలుపులు మూసుకుపోయి, అదే ఏడు యూనివర్సల్ సినిమా స్టూడియోలో చిన్న వేషాలకి చేరాడు.

స్టేజీ మేకప్ కెమెరా ముందు తేలిపోతుంది, ఫిల్ము వల్ల. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు తెలియదు, నల్లగా పడుతుంది. నీలం తెల్లబోతుంది. స్టేజీ మీద బుగ్గలకి నిగారింపు తెచ్చే ఎర్ర రంగు తెర మీద చెంపల్లో గుంట అవుతుంది. తెలియనివాళ్ళకి అది తంటా, చానీ లాంటివాడికి ఆయుధం.

ఇక గాయం మచ్చ. దీనికి కొలోడియన్ కావాలి, అందులోనూ సాగని రకం. ఈథర్, ఆల్కహాల్‌లో కరిగించిన ఈ ద్రవాన్ని సన్నని బ్రష్షుతో గీతలా పూస్తే, ద్రావకం ఆవిరై పొర ముడుచుకుంటుంది, తనతోపాటు చర్మాన్నీ లాగుతుంది. రెండు మూడు పూతలు చాలు, కానీ ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. తొందరపడితే పైపొర ఆరి కింద జిగటగా మిగిలి, అంచులు లేస్తాయి. ఆముదం కలిపిన సాగే రకం తెచ్చుకుంటే అసలు ముడతే పడదు. రోజూ ఒకేచోట పూస్తే చర్మం పుండవుతుంది. పైగా ఇట్టే అంటుకుంటుంది, సిగరెట్టు దగ్గరికి రానివ్వకూడదు. దూది మీద ఇదే పూసి చెంప ఎముకలు ఎత్తుగా పెంచేవాడు.

1925 నాటి ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ సినిమాలో ఫాంటమ్ పుర్రె ముఖానికి ముక్కే ప్రాణం. పలచటి చేపచర్మపు పట్టీని ముక్కు కొసకి స్పిరిట్ గమ్‌తో అంటించి, పైకి లాగి, నుదుటి దిక్కుగా మళ్ళీ అంటించి, మీద గ్రీజ్ పెయింట్ (జిడ్డుగా ఉండే మేకప్ రంగు) రాస్తే ముక్కుపుటాలు బయటపడతాయి. తర్వాత వాటి చుట్టూ నల్లరంగు. స్పిరిట్ గమ్ అంటే మన నాటకాల్లో మీసం అంటించే జిగురే. చర్మానికి కాస్త జిడ్డున్నా, చెమట పట్టినా ఊడుతుంది, ముందు శుభ్రంగా తుడిచి తీరాలి. విడుదలకి ముందు ఆ ముఖం ఫొటో స్టూడియో ఎవరికీ చూపించలేదు. తెలివైన పనే.

నొప్పి నిజంగా ఉన్న వేషం 1920లో వచ్చిన ‘ది పెనాల్టీ’. రెండు కాళ్ళూ లేని రౌడీ పాత్ర. మోకాళ్ళు మడిచి, పిక్కల్ని తొడల వెనక్కి పట్టీలతో బిగించి, మోకాళ్ళకి తోలు తొడుగులు వేసుకున్నాడు. వెనక పాదాలు కనపడకుండా వదులైన పొడుగు కోటు. రక్తప్రసరణ ఆగుతుంది కాబట్టి కాసేపటికోసారి పట్టీలు విప్పాల్సిందే. అయినా సినిమా చూస్తే కళ్ళు కాళ్ళ మీద నిలవవు, అతని భుజాల మీద నిలుస్తాయి. ఆ నడకని తూచేది అవే.

1929లో వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో సినిమా మేకప్ మీద వ్యాసం అతను రాసిందే. మరుసటేడు అతని తొలి టాకీ ‘ది అన్‌హోలీ త్రీ’. ముసలమ్మ వేషానికి విగ్గు పెట్టుకున్నా ఈసారి అసలు వేషం గొంతుదే. చిలకతో సహా ఐదు గొంతులూ తనవేనని నోటరీ దగ్గర ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాడు. సినిమా జులైలో వచ్చింది. క్యాన్సర్ ముదిరి, గొంతులో రక్తస్రావమై, ఆగస్టు 26న పోయాడు. వయసు 47.