మెదడు ముక్కలో డోపమైన్ వెలుగు: నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఉండేది తార్నాకలో. మెదడులో నరాల కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం డోపమైన్. కార్బన్ నానోట్యూబులతో దాన్ని పట్టుకునే సెన్సర్లు చేయడం నా పని. మా పెద్దనాన్నకి పార్కిన్సన్స్ ఉంది, మెదడులో డోపమైన్ తగ్గడం వల్ల వచ్చే జబ్బు. ఈ టాపిక్ ఎంచుకున్నది అందుకే.

నానోట్యూబ్ అంటే ఒక అణువు మందం ఉన్న కార్బన్ పొరని చాపలా చుడితే వచ్చే గొట్టం. వ్యాసం సుమారు ఒక నానోమీటరు. ఇవి ఫ్లోరెసెన్స్ ఇస్తాయని, అంటే కాంతి పడితే తామూ వేరే తరంగదైర్ఘ్యంలో వెలుగుతాయని, 2002లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ఆ వెలుగు కంటికి కనపడదు, 900 నానోమీటర్లు దాటిన నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో వస్తుంది. మాకు కావాల్సిందీ అదే. అక్కడ కణజాలం కాంతిని తక్కువ చెదరగొడుతుంది, తనంతట తాను మెరవడమూ తక్కువే. పైగా మామూలు ఫ్లోరెసెంట్ రంగుల్లా ఇవి లేజర్ కింద వెలిసిపోవు.

చేతికొచ్చేది నల్లటి పొడి. స్పాచులాతో తీయబోతే ఎగిరి గ్లవ్స్‌కి అంటుకుంటుంది. పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే పెట్టె), మాస్క్ పెట్టుకునే తూచాలి. ఎంత తొందర ఉన్నా ఈ విషయంలో నేను రాజీపడను. నీళ్లలో వేస్తే ట్యూబులు కట్టలు కడతాయి, కట్టగా ఉంటే వెలుగు ఆరిపోతుంది. అందుకని జీ, టీ అనే డీఎన్‌ఏ అక్షరాల జంట ఆరుసార్లు వచ్చే పొట్టి డీఎన్‌ఏ కలిపి, ఐసులో పెట్టి ప్రోబ్ సోనికేటర్‌తో, అంటే అల్ట్రాసౌండ్ కంపనాలిచ్చే కడ్డీతో, విడదీస్తాం. డీఎన్‌ఏ ట్యూబుకి చుట్టుకుంటుంది, డోపమైన్‌కి స్పందించే గుణం ఆ చుట్టుతోనే వస్తుంది. మే నెలలోనైతే ఐసు చూస్తుండగానే కరిగిపోయేది, పక్కనే నిలబడి మారుస్తూ ఉండాల్సిందే. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పితే కట్టలు అడుగుకి దిగి, పైన బూడిద రంగు ద్రవం మిగులుతుంది. మన సెన్సర్ అదే.

డోపమైన్ వేయగానే స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు వస్తోందో చూపే గీత) పైకి లేచింది. ఆ సంతోషంతో సీనియర్ అక్కకి చూపిస్తే, "బాగుంది తమ్ముడూ, మరి విటమిన్ సి వేసి చూశావా?" అంది. వేశాను. దానికీ లేచింది! మెదడులో విటమిన్ సి బాగానే ఉంటుంది. డోపమైన్‌ని పోలిన మరో మెదడు రసాయనం నార్ఎపినెఫ్రిన్‌కి కూడా స్పందన వస్తుంది. వెలుగు పెరిగితే చాలదు, అది డోపమైన్ వల్లే పెరిగిందని నిరూపించాలి. అసలు పని అక్కడే మొదలైంది.

జంతు నైతిక కమిటీ అనుమతి, ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా (ఈ కాంతికి మామూలు సిలికాన్ కెమెరా సరిపోదు), వీటి కోసం ఎదురుచూపులు సరేసరి.

చిట్టెలుక మెదడుని 300 మైక్రాన్ల ముక్కలుగా కోసి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోయే ద్రావణంలో ఉంచుతాం. సెన్సర్ కలిపి కాసేపు నాననిచ్చి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెడతాం. చూసేది మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగాన్ని, అక్కడ డోపమైన్‌దే పైచేయి. 2019లో అమెరికాలోని బర్కిలీలో శాస్త్రవేత్త మార్కిటా లాండ్రీ బృందం ప్రచురించిన పద్ధతి ఇది. చిన్న కరెంట్ పల్స్ ఇచ్చాం. స్క్రీన్ మీద మచ్చలు మచ్చలుగా వెలుగు లేచి, కొన్ని సెకన్లలో తగ్గిపోయింది. టెన్షన్‌తో నాకు మాట రాలేదు.

నాకు అంతకన్నా ముఖ్యమైన గ్రాఫ్ ఆ తర్వాతది. నరాల చివర్లు డోపమైన్ వదలాలంటే కాల్షియం కావాలి. ద్రావణంలో కాల్షియం తీసేసి అదే పల్స్ ఇస్తే గీత కదల్లేదు. తిరిగి కలిపితే మళ్లీ లేచింది. ఎప్పుడూ ఉండే విటమిన్ సి ఇలా పల్స్‌తోపాటు లేచి పడదు. డోపమైన్ విడుదలని తగ్గించే క్విన్‌పిరోల్ మందు వేసినప్పుడు వెలుగు కూడా తగ్గింది. అప్పుడు అక్క నోట్‌బుక్‌లో సంతకం పెట్టింది.

మీరు ఈ పని మొదలుపెడుతుంటే డోపమైన్ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి, గాలి తగిలితే ఆక్సీకరణం చెంది రంగు మారుతుంది. కాల్షియం లేని ద్రావణం మాత్రం మొదటి ముక్క కోయకముందే సిద్ధంగా పెట్టుకోండి.