ఎతోషా నీటిగుంటల దగ్గర

నమీబియాకు ఒంటరిగా వెళ్తున్నానంటే ఇంట్లో అందరికీ సింహాల భయమే. నా బెంగంతా దారి గురించి. రాజధాని విండ్‌హోక్ నుంచి ఎతోషా జాతీయ వనానికి నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. తీరా చూస్తే తారు రోడ్డు నున్నగా ఉంది, మన దేశంలోలాగే ఎడమ పక్కన నడపాలి. పొద్దు గూకితే వనం గేట్లు మూసేస్తారు కాబట్టి ఎక్కడా ఆగకుండా వెళ్లి ఒకాక్వేయో విడిదిలో దిగాను.

1907లో జర్మన్ల వలస పాలనలో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన అడవి ఇది. అడవి అంటే మనకు తోచే పచ్చదనం ఇక్కడ లేదు. నడిమధ్యన దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం. వానలు లేని నెలల్లో చుక్క నీరు ఉండదు. దాని దక్షిణపు అంచున ఊటలూ బోరునీళ్లతో నిండే గుంటలూ ఉన్నాయి. ప్రాణమున్న ప్రతిదీ అక్కడికి రాక తప్పదు. అందుకే ఎతోషాలో జంతువుల కోసం గాలించనక్కరలేదు, నీళ్ల దగ్గర కూర్చుంటే చాలు. ఒంటరిగా వచ్చినవారికి ఇది పెద్ద వరం. ‘ఇక పోదాం పద’ అని తొందరపెట్టేవారు పక్కన ఉండరు.

ఒకాక్వేయో విడిదికి ఆనుకునే ఒక నీటిగుంట ఉంది. మధ్యలో పొట్టి రాతిగోడ, ఇవతల బల్లలు. రాత్రంతా దీపాలు వెలుగుతూ ఉంటాయి. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. చీకటి పడ్డాక అవతలి గట్టు మీద రాళ్లలో ఒక రాయి కదిలినట్టనిపించింది. పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా తన బైనాక్యులర్లు నా చేతిలో పెట్టారు. నల్ల ఖడ్గమృగం, దాని వెనకే పిల్ల. నల్ల ఖడ్గమృగాలలో తల్లి ముళ్లపొదల్లో దారి చేస్తుంటే పిల్ల వెనక నడుస్తుంది. తెల్ల ఖడ్గమృగాలలో పిల్ల ముందు, తల్లి వెనక. తల్లి నాలుగడుగులు వేసి ఆగేది. దాని చూపు మందం, వినికిడి చురుకు. ఒక చెవి మా వైపు, ఇంకొకటి అడవి వైపు తిరిగేవి. చివరకు మూతి నీళ్లలో పెట్టింది. కొంకిలా వంగిన పై పెదవి నుంచి కారుతున్న బొట్లు కూడా కనిపించాయి. పిల్ల దాని ముందుకాళ్ల మధ్య దూరి తాగింది.

ఇంతలో ఏనుగుల గుంపు వచ్చింది. తల్లి వెనక్కి తగ్గలేదు. బుసకొట్టి, పిల్లను పక్కకు చేర్చుకుని గట్టు మీదే నిలబడింది. పెద్ద ఏనుగు ఒకటి చెవులు విప్పి రెండడుగులు ముందుకు వేశాక గానీ చీకట్లోకి మళ్లలేదు. నాకు ఊపిరి ఆడలేదు. 1970లో ఆఫ్రికా మొత్తం మీద 65,000 దాకా ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1995 నాటికి సుమారు 2,400కు పడిపోయాయి. కొమ్ము కోసం వేటగాళ్లు చేసిన పని అది. కాపలా వల్ల ఇప్పుడు మళ్లీ 6,000 దాటాయి, వాటిలో పెద్ద భాగం నమీబియాలోనే ఉంది. వేట మాత్రం ఇంకా ఆగలేదు. వేటగాళ్ల కన్ను పడకుండా ఉండాలని ఇక్కడి అధికారులే కొన్నిటికి మత్తుమందు ఇచ్చి కొమ్ములు కోసేస్తున్నారు. బతికించడానికి వాటి ఆయుధాన్నే తీసేయవలసి రావడం తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సింహాలనూ చూశాను. పగలంతా చెట్టు నీడన నిద్రపోయాయి.

ఏనుగులను దగ్గరగా చూసింది తూర్పున హలాలి అనే మరో విడిదికి వెళ్లే దారిలో. వనంలో కారు దిగడం నిషేధం. ఒక గుంట పక్కన ఇంజను ఆపి కూర్చున్నాను. సున్నపు మట్టి పూసుకుని తెల్లగా మెరుస్తూ వచ్చాయి. నేలలో ఖనిజాలు చాలక ఇక్కడి ఏనుగులకు దంతాలు పొట్టిగా ఉంటాయి, ఇట్టే విరిగిపోతాయి. ఒక ముసలి ఆడ ఏనుగు నా కిటికీకి రెండు బారల దూరంలో ఆగింది. తొండం మీద ఎండిన మట్టి పెచ్చులు లేచింది, పొడుగాటి రెప్పవెంట్రుకలకు దుమ్ము పట్టింది. గొంతులోంచి ఉరిమినట్టు సన్నటి శబ్దం. తొండం ఎత్తి గాలి వాసన చూసి, నెమ్మదిగా పక్కకు తప్పుకుంది. ఫోను ఒళ్లోనే ఉన్నా తీయబుద్ధి కాలేదు.

హలాలిలోని నీటిగుంట పేరు మోరింగా. అక్కడి మోరింగా చెట్లు మన మునగకు దాయాదులే, కాకపోతే మాను లావుగా ఉబ్బి ఉంటుంది. వాటి కింద బండల మీద కూర్చుని ఒక సాయంత్రమంతా ఎదురుచూస్తే జీబ్రాలు తప్ప ఏవీ రాలేదు. మరుసటి సాయంత్రమూ అక్కడే కూర్చున్నాను.

వెళ్లాలనుకునేవారు జూన్, అక్టోబరు నెలల మధ్య వెళ్లండి. వానలు పడితే నీరు అడవంతా దొరుకుతుంది, జంతువులు చెల్లాచెదురవుతాయి. జూన్, జులైలలో రాత్రిళ్లు చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి మందపాటి ఉన్ని దుస్తులు తప్పనిసరి. విడిదిలో గది ముందే చూసుకోండి. బయట బస చేస్తే సూర్యాస్తమయానికల్లా వనం వదిలి వెళ్లాలి, ఖడ్గమృగాలేమో చీకటి పడ్డాకే వస్తాయి.