ఒక్క ఊపున 139 మీటర్లు: కింగ్డా కా నిర్మాణం, చరిత్ర

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో 2005 మే నెల నుంచి 2024 నవంబరు వరకు ఉన్న కింగ్డా కా, నడిచినన్నాళ్లూ ప్రపంచంలోకెల్లా ఎత్తైన రోలర్ కోస్టర్‌గానే నిలిచింది. దాని శిఖరం ఎత్తు 456 అడుగులు, అంటే 139 మీటర్లు. రైలు 3.5 సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది. కోస్టర్ల మీద ఆసక్తి ఉన్నవారికి ఈ అంకెలు కంఠతా వచ్చినవే. ఆ ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తినంతటినీ నేల మీదే, ఒకే విడతలో రైలుకు అందించాలన్న నిర్ణయం మాత్రం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కింగ్డా కా గొప్పతనానికీ, దాన్ని వెంటాడిన చిక్కులకూ మూలం ఆ నిర్ణయమేనని నా అభిప్రాయం.

మామూలు కోస్టర్‌లో గొలుసు రైలును నెమ్మదిగా కొండ మీదికి లాక్కెళ్తుంది. అందుకు నిమిషం పట్టినా నష్టం లేదు కనుక చిన్న మోటారు సరిపోతుంది. రైలును నేల మీదే ఒక్కసారిగా విసిరినట్టు పరుగెత్తించే లాంచ్ కోస్టర్‌లో అంత తీరిక ఉండదు. గంటకు 206 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 57 మీటర్లు. ఆ వేగంతో కదిలే ఒక్కొక్క టన్ను బరువులో సుమారు 16 లక్షల జౌళ్ల గతిజశక్తి ఉంటుంది. దాన్ని 3.5 సెకన్లలో ఇవ్వాలంటే, ఆ కొద్ది సేపూ టన్నుకు సగటున 470 కిలోవాట్ల చొప్పున సామర్థ్యం కావాలి. 18 మందిని ఎక్కించుకున్న రైలు బరువు టన్నులలో ఉంటుంది. అంత విద్యుత్తును ఒక్కసారిగా సరఫరా తీగల నుంచి లాగడం ఏ పార్కుకూ మేలు కాదు. అందుచేత లాంచ్ కోస్టర్ల చరిత్ర అంతా, శక్తిని ముందుగా ఎక్కడ కూడబెట్టాలి, అవసరమైన క్షణంలో ఎలా విడుదల చేయాలి అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది.

1970ల చివర్లో జర్మన్ రూపకర్త ఆంటన్ ష్వార్జ్‌కోఫ్ ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పారు. 1977లో అమెరికాలోని కింగ్స్ డొమినియన్ పార్కులో ప్రారంభమైన కింగ్ కోబ్రాలో పెద్ద బరువును పైనుంచి జారవిడిచి, ఆ పతనంతో కేబుల్ ద్వారా రైలును లాగించారు. 1978లో అమెరికాలోనే నాట్స్ బెర్రీ ఫామ్ పార్కులో వచ్చిన మాంటెజూమాస్ రివెంజ్‌లో ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని ముందే తిప్పి ఉంచి, దాని భ్రమణాన్ని కేబుల్‌కు అందించారు. ఆ తర్వాత చాలా కాలానికి, 1996లో, ప్రీమియర్ రైడ్స్ సంస్థ ఫ్లైట్ ఆఫ్ ఫియర్‌ కోస్టర్‌తో లీనియర్ ఇండక్షన్ మోటార్లను, అంటే గుండ్రంగా తిరగకుండా నేరుగా ముందుకు నెట్టే విద్యుత్ మోటార్లను, రంగంలోకి తెచ్చింది. 1997లో ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో టవర్ ఆఫ్ టెర్రర్, అమెరికాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో సూపర్‌మ్యాన్ ద ఎస్కేప్, అదే కోవకు చెందిన లీనియర్ సింక్రనస్ మోటార్లతో గంటకు 100 మైళ్లను అందుకున్నాయి. అయితే వాటికి ఆ వేగం రావడానికి ఏడు సెకన్ల వరకు పట్టేది. 2001లో ఎస్ అండ్ ఎస్ సంస్థ సంపీడిత గాలితో ఇంకా దురుసైన లాంచ్‌ను తయారుచేసింది. జపాన్‌లోని డోడోంపా అనే కోస్టర్‌లో గంటకు 172 కిలోమీటర్ల వేగం కేవలం 1.8 సెకన్లలో వచ్చేది.

ఒత్తిడికి గురిచేసిన నూనెతో నడిచే హైడ్రాలిక్ లాంచ్ వచ్చింది ఈ సందర్భంలోనే. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంటామిన్ సంస్థ 2002లో నాట్స్ బెర్రీ ఫామ్‌లోని ఎక్సెలరేటర్‌లో దీన్ని మొదటిసారి వాడింది. పంపులు నూనెను అక్యుమ్యులేటర్లనే దళసరి సిలిండర్లలోకి నెడతాయి. వాటిలో మరోవైపు ఉన్న నైట్రోజన్ వాయువు ఆ ఒత్తిడికి కుదించుకుపోతుంది. రెండు లాంచ్‌ల మధ్య దొరికే వ్యవధిలో పంపులు నింపాదిగా చేసిన పని అంతా ఆ వాయువులో దాగి ఉంటుంది. కవాటాలు తెరుచుకోగానే నైట్రోజన్ వ్యాకోచించి నూనెను వెనక్కి నెడుతుంది. ఆ నూనె హైడ్రాలిక్ మోటార్ల వరుసను తిప్పితే, అవి ఒక పెద్ద డ్రమ్మును తిప్పుతాయి, డ్రమ్ము కేబుల్‌ను చుట్టుకుంటుంది. కేబుల్‌కు కట్టిన చిన్న బండి రైలు అడుగున ఉన్న కొక్కేన్ని పట్టుకుని ముందుకు లాగి, లాంచ్ చివర తన బ్రేకుల మీద తాను ఆగిపోతుంది. రైలు దాని నుంచి విడివడి సాగిపోతుంది. చాలా తక్కువ చోటులో, చాలా తక్కువ సేపట్లో, ఇంత బలాన్ని దాదాపు ఒకే తీరుగా ఇవ్వగలగడం ఈ ఏర్పాటులోని సొగసు. యంత్రాలను ఇష్టపడేవారెవరైనా దీన్ని ప్రేమించకుండా ఉండలేరని నేననుకుంటాను.

ఎక్సెలరేటర్ ఎత్తు 205 అడుగులు. ఆ మరుసటి సంవత్సరమే అమెరికాలోని సీడర్ పాయింట్ పార్కులో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ 420 అడుగులకు చేరింది. మరో రెండేళ్లకు కింగ్డా కా దాన్ని 36 అడుగులు దాటింది. వెర్నర్ స్టెంగెల్ రూపకల్పనలో ట్రాక్ ఆకృతి చాలా సరళంగా ఉండేది: సమతలంగా సాగే లాంచ్ మార్గం, నిటారుగా పైకి లేచే ట్రాక్, శిఖరం, అక్కడి నుంచి మెలితిరుగుతూ నిలువునా దిగే మార్గం, చివర 129 అడుగుల చిన్న కొండ, ఆపై బ్రేకులు. తలకిందులయ్యే మలుపులేవీ లేవు.

రైలు శిఖరాన్ని ఎంత వేగంతో దాటాలన్నది ఇందులో అతి సున్నితమైన లెక్క. ఘర్షణ, గాలి నిరోధం లేని లోకంలో సెకనుకు 57 మీటర్ల వేగం రైలును 166 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. 139 మీటర్లకూ దీనికీ మధ్య ఉన్న తేడాలోనే చక్రాల ఘర్షణ, గాలి నిరోధం, శిఖరం దాటడానికి మిగలవలసిన వేగం అన్నీ సర్దుకోవాలి. ఎదురుగాలి వీచినా, లాంచ్ కాస్త బలహీనపడినా, రైలు పైదాకా వెళ్లి, దాటలేక, వచ్చిన దారినే వెనక్కి జారుతుంది. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. రూపకర్తలు దీన్ని ముందే ఊహించి ఏర్పాటు చేశారు: రైలు వెళ్లగానే లాంచ్ మార్గంలో లోహపు రెక్కలు పైకి లేస్తాయి, వాటికీ శాశ్వత అయస్కాంతాలకూ మధ్య పుట్టే ఎడ్డీ ప్రవాహాలు (అయస్కాంతం దగ్గర కదిలే లోహంలో సుడులుగా పుట్టే విద్యుత్ ప్రవాహాలు) వెనక్కి వచ్చే రైలును నెమ్మదింపజేస్తాయి. ఈ నిరోధానికి బయటి విద్యుత్తు అక్కర్లేదు. ప్రయాణికులకు అది అదృష్టంగా దొరికిన రెండో లాంచ్. కోస్టర్ అభిమానులు దానికోసం ఎదురుచూసేవారు.

ఇంత బలాన్ని ఒక్క కేబుల్ మీద మోపడంలో ఇబ్బందులూ ఉన్నాయి. తెరిచిన కొద్ది వారాలకే, 2005 జూన్‌లో, కేబుల్ కదిలే తొట్టిలో ఒక బోల్టు విఫలమై యంత్రాంగం దెబ్బతినడంతో కింగ్డా కా ఆగస్టు వరకు మూతపడింది. 2009లో ఎక్సెలరేటర్ లాంచ్ కేబుల్ తెగి ప్రయాణికులకు గాయాలయ్యాయి. నూనె, కవాటాలు, డ్రమ్ము, కేబుల్, కొక్కెం, ఇవన్నీ రోజుకు వందలసార్లు గరిష్ఠ భారం మోసే భాగాలు. వాటి నిర్వహణ తేలిక కాదు, చౌకా కాదు. 2010లో అబుధాబిలోని ఫార్ములా రోసా ఇదే హైడ్రాలిక్ పద్ధతితో గంటకు 240 కిలోమీటర్లకు చేరి వేగపు రికార్డును తీసుకున్నప్పటికీ, ఆ తర్వాత ఈ పద్ధతికి ఆదరణ తగ్గింది.

దాని స్థానంలోకి సింక్రనస్ మోటార్లు తిరిగి వచ్చాయి. ట్రాక్ పొడవునా అమర్చిన తీగచుట్టలు రైలుకున్న అయస్కాంతాలను తాకకుండానే ముందుకు నడిపిస్తాయి కనుక ఇక్కడ అరిగే కేబుల్ లేదు. స్పెయిన్‌లోని ఫెరారీ ల్యాండ్‌లో 2017లో ఇంటామినే నిర్మించిన రెడ్ ఫోర్స్‌ను కింగ్డా కాతో పోల్చి చూడవచ్చు: ఎత్తు 112 మీటర్లు, వేగం గంటకు 180 కిలోమీటర్లు, పట్టే సమయం 5 సెకన్లు. సగటు త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు సమానం. కింగ్డా కాలో అది సుమారు 1.7 రెట్లు ఉండేది. వీపును సీటుకు అదిమే ఆ బలం తగ్గిందంటే అనుభవంలో ఏదో పోయిందనే నా భావన.

కింగ్డా కాను 2024 నవంబరులో మూసివేసి, 2025 ఫిబ్రవరి 28న పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. దాని తోబుట్టువు లాంటి టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ కథ మరోలా నడిచింది. 2021లో రైలు నుంచి ఊడిన లోహపు ముక్క వరుసలో నిలుచున్న ఒక మహిళను తీవ్రంగా గాయపరిచింది. ఆ తర్వాత హైడ్రాలిక్ లాంచ్‌ను తొలగించి, పాత శిఖరాన్ని ఉంచి, ఎదురుగా అంతే ఎత్తైన రెండో స్తంభాన్ని నిలబెట్టి, 2024లో టాప్ థ్రిల్ 2గా తిరిగి తెరిచారు. ఇందులో రైలు ముందుకు గంటకు 74 మైళ్లతో వెళ్లి, శిఖరం అందుకోలేక వెనక్కి జారి, అదే మోటార్ల మీదుగా 101 మైళ్లతో వెనుక స్తంభం ఎక్కి, మళ్లీ ముందుకు 120 మైళ్లతో వచ్చి శిఖరాన్ని దాటుతుంది. హైడ్రాలిక్ యంత్రం ఒకే విడతలో ఇచ్చిన శక్తిని ఇక్కడ మూడు విడతలుగా ఇస్తున్నారు. ఒకప్పుడు అనుకోకుండా జరిగే రోల్‌బ్యాక్ ఈ కోస్టర్‌లో ప్రతి ప్రయాణంలోనూ తప్పనిసరి భాగమైంది.