నోరెన్ అంటే కర్టెన్ కాదు

జపాన్‌లో నా పరువు పోయింది ఒక కర్టెన్ వల్ల.

2014 సంగతి. టోక్యో వచ్చి ఏడాదిన్నర అయింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లోనే నేనూ ఉండేవాణ్ని. పొద్దున్నే తోజాయ్ లైన్ రైల్లో చెయ్యి కూడా కదపలేని రద్దీలో నిలబడి, నిహోన్‌బాషిలో దిగి క్లయింట్ ఆఫీసుకు వెళ్లేవాణ్ని. వాళ్లది ఎండు సరుకుల వ్యాపారం. చెక్కముక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టిన చేప, కొంబు అనే సముద్రపు నాచు, ఇలాంటివి. రెండు వందల ఏళ్లు దాటిన కంపెనీ. ఆ చుట్టుపక్కల అదేమంత గొప్ప కాదు. మిత్సుకోషి 1673లో బట్టల కొట్టుగా మొదలైంది, ఎండు చేప అమ్మే నిన్‌బెన్ 1699 నుంచీ వ్యాపారంలో ఉంది. వాటి పక్కన మా క్లయింటు కుర్రాడి కిందే లెక్క.

వాళ్ల పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టడం మా పని. వాళ్లిచ్చిన కాగితాల్లో ఒక లైను ఉంది: నోరెన్, తరుగుదల, 20 ఏళ్లు. నోరెన్ అంటే నాకు తెలుసు. ఉడోన్ అనే నూడుల్స్ అమ్మే హోటళ్ల గుమ్మానికి వేలాడే చీలికల గుడ్డ, తల కొంచెం వంచి దాని కిందనుంచి లోపలికి వెళతాం. సరే, కర్టెనే కదా అని ఫర్నిచర్ పద్దులో పెట్టేశాను. ఇరవై ఏళ్లు మన్నే కర్టెన్ ఏమిటా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. జపాన్ వాళ్ల వస్తువులు గట్టివి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరినైనా అడిగితే ఈ మాత్రం జపనీస్ రాదా అనుకుంటారని భయం.

టెస్టింగ్ రోజు అసలు లెక్కలు ఎక్కించాక, పదకొండు మంది ముందు గోడ మీద స్క్రీన్‌లో కనిపించింది. కుర్చీలు, బీరువాలు, వాటి కింద కర్టెన్. ఖరీదు ముప్పై కోట్ల యెన్‌లు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మరో కంపెనీని కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకన్నా ఎక్కువ డబ్బు ఇస్తారు చూడండి, ఆ ఎక్కువ దేనికి? పేరుకి. ఇన్నేళ్లుగా జనం పెట్టుకున్న నమ్మకానికి. మన అకౌంటెంట్లు దాన్ని గుడ్‌విల్ అంటారు. జపాన్ వాళ్లు నోరెన్ అంటారు. బ్యాలెన్స్ షీట్‌లోనే అలా రాస్తారు. పొద్దున కొట్టు తెరవగానే ఆ గుమ్మం గుడ్డను కడతారు, రాత్రి లోపలికి తీస్తారు. దాని మీద ఆ కొట్టు గుర్తు ఉంటుంది. వ్యాపారం మొత్తంగా మూసేస్తే 'నోరెన్ దించేశారు' అంటారు. తప్పుడు సరుకు అమ్మితే 'నోరెన్‌కి గాటు పడింది' అంటారు. ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన గుమాస్తా సొంతంగా కొట్టు పెట్టుకుంటానంటే, యజమాని తన పేరునే వాడుకోనిస్తాడు. దాన్ని నోరెన్‌ను పంచి ఇవ్వడం అంటారు. ఇంతా చేసి, జపాన్ లెక్కల పద్ధతిలో కొన్న నోరెన్‌ను ఇరవై ఏళ్లకు మించకుండా ఏటా కొంత తగ్గిస్తూ సున్నా చేసెయ్యాలి. అంతర్జాతీయ పద్ధతిలో అలా ఏటా తగ్గించరు, విలువ పడిపోయిందని తేలితేనే తీస్తారు. ఏది న్యాయమని అకౌంట్స్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

మీటింగ్‌లో మా మేనేజరు లేచి నిలబడి, నా తప్పుకి ఆయన నడుము దాకా వంగి క్షమాపణ చెప్పాడు. ఆయన జపనీయుడు, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆ వంగిన వీపు చూస్తుంటే నన్ను నాలుగు తిట్టినా హాయిగా ఉండేదనిపించింది. వాళ్ల భాషలో దీనికి మాట ఉంది: ముఖానికి బురద పూయడం. నా చేత్తో ఆయన ముఖానికి పూశాను.

క్లయింట్ వైపు అకౌంట్స్ బుచో, అంటే ఆ శాఖకు పెద్ద, అక్కడ ఏమీ అనలేదు. బ్రేక్‌లో నన్ను వెండింగ్ మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి, డబ్బా కాఫీ ఒకటి నా చేతిలో పెట్టి, బడిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా ఒక సామెత చెప్పాడు. "కికు వా ఇత్తోకి నో హాజి, కికాను వా ఇస్షో నో హాజి." అడిగితే ఆ కాసేపే సిగ్గు, అడక్కపోతే బతుకంతా సిగ్గు. అందరి ముందూ అనకుండా పక్కకు పిలిచి చెప్పడానికి కూడా వాళ్ల దగ్గర ఒక మాట ఉంది, ముఖాన్ని నిలబెట్టడం అని. ఆ రోజు నా ముఖాన్ని ఆయన నిలబెట్టాడు.

మా టీమ్‌లో చైనాలోని దాలియన్ నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఆ ఊరినుంచి జపాన్ ఐటీలోకి చాలామంది వస్తారు. ఆ సాయంత్రం స్టేషన్‌కి నడుస్తూ ఆమె నాకు క్లాసు పీకింది. వాళ్లకు ముఖం రెండు రకాలట. లియెన్ అంటే మనిషి నడవడిక, సిగ్గూ శరమూ. అది పోతే మనిషే పోయినట్టు. మియెన్‌జ్ అంటే నలుగురిలో ఉండే హోదా. దాన్ని ఒకరు ఇంకొకరికి ఇవ్వచ్చు, పెంచచ్చు, తగ్గించచ్చు. జపాన్ వాళ్లు మెన్‌త్సు అనేది ఈ రెండో మాటనే, చైనా నుంచి తెచ్చుకున్నదే. "నీకు పోయింది మియెన్‌జ్ మాత్రమే, లియెన్ కాదు. వెళ్లి పడుకో," అంది.

ఈ ముఖం గురించి చైనా వాళ్ల సామెతలు వింటే మన ఊళ్లో ఎవరో అన్నట్టే ఉంటాయి. చెట్టు బెరడుతో బతుకుతుంది, మనిషి ముఖంతో బతుకుతాడు. ఇది పొగడ్త. లావుగా కనపడాలని చెంపలు వాచేలా కొట్టుకున్నాడు. ఇది ఎగతాళి. దాలియన్ అమ్మాయి, వాళ్ల నాన్న తన అన్నయ్య పెళ్లికి అప్పు చేసి హోటల్లో యాభై బల్లల భోజనం పెట్టించాడని చెబుతూ ఈ రెండోది వాడింది. నేను మా బాబాయి పెళ్లి భోజనాల కథ చెప్పాను. ఇద్దరం రైలు వదిలేసుకుని మరీ నవ్వుకున్నాం.

జపాన్ వాళ్ల సెకెన్ అనే మాట మన 'నలుగురూ' లాంటిదే. ఆ నలుగురు ఎవరో ఎవరికీ తెలియదు, కానీ అన్నీ వాళ్లకోసమే. ఒక్క సామెత మాత్రం నాకు సరిపడలేదు: ప్రయాణంలో పడిన సిగ్గు అక్కడే పారేసి రావచ్చు. టూరిస్టులకు బాగానే ఉంటుంది. మేము పారేసి ఎక్కడికి వెళతాం? చెత్త తప్పు రోజున బయట పెడితే మర్నాడు ఆ సంచీ మీద స్టిక్కర్ వేసి మా గుమ్మం ఎదురుగానే ఉంటుంది. ఎవరో ఒకరు రైల్లో గట్టిగా ఫోన్ మాట్లాడితే వెయ్యి మందికి కలిపి 'ఇండియా వాళ్లు' అనే పేరు.

ఆ క్లయింట్ బుచోకి నా మీద ఎందుకో అభిమానం కుదిరింది. నేను కాంజీ లిపి సాధన చేస్తున్నానని తెలిసి, కుంచె కలం ఒకటి కొనిచ్చాడు. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటినుంచీ పేరు. రాత్రి అన్నం తిన్నాక గంటసేపు రాసేవాణ్ని. పాత కొట్లను షినిసే అంటారని, ముందువాళ్లు చేసినట్టే చేయడం అనే పాత క్రియ నుంచి ఆ మాట వచ్చిందని ఆయనే చెప్పాడు. 578లో మొదలైన కొంగో గుమి అనే గుళ్లు కట్టే సంస్థ అప్పులతో 2006లో మరో కంపెనీ చేతికి వెళ్లిందని, కొన్నవాళ్లు ఆ పేరు మాత్రం తీయలేదని కూడా చెప్పాడు. "అదీ నోరెన్ అంటే. కర్టెన్ కాదు," అన్నాడు. ఏడాది తర్వాత కూడా వదల్లేదు నన్ను.

2015లో ఇసే వెళ్లాను. అక్కడి దేవాలయాన్ని ఇరవై ఏళ్లకొకసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 690లో మొదలైంది, 2013లో అరవై రెండోసారి. చెక్క ఇంకా లేతగా మెరుస్తోంది. పక్కనే ఇదివరకు పాత గుడి ఉండిన ఖాళీ స్థలం, గులకరాళ్లు. వడ్రంగి పనివాడు కుర్రతనంలో ఒకసారి, పెద్దయ్యాక నేర్పడానికి ఒకసారి ఈ పని చూస్తాడట. మా లెక్కల్లో ఇరవై ఏళ్లకు పేరు సున్నా అవుతుంది, ఇక్కడ ఇరవై ఏళ్లకు గుడి కొత్తదవుతుంది. రెండు ఇరవైలకూ సంబంధం లేదు, నాకు అలా తోచిందంతే.

ఆదివారాలు నాన్నకు వీడియో కాల్‌లో ఇవన్నీ చెప్పేవాణ్ని. తెనాలి దగ్గర మా ఊళ్లో కిరాణా కొట్టు. తాత 1961లో పెట్టాడు, ఇప్పటికీ తాత పేరుతోనే పిలుస్తారు. అరువు మునిగినా ఫర్వాలేదు, పరువు మునగకూడదు అనేది నాన్న మాట. జపాన్ వాళ్ల ముకోయోషి గురించి చెబితే తెగ ఆసక్తిగా విన్నాడు. కొడుకు లేకపోతే, ఉన్నా పనికిరాడనుకుంటే, సమర్థుడైన అల్లుణ్ని దత్తత చేసుకుని ఇంటిపేరు మార్చి వ్యాపారం అప్పగిస్తారు. మనకు మారుతి కారు తెచ్చిన ఒసాము సుజుకీ అలా వచ్చినవాడే, పుట్టినప్పుడు ఇంటిపేరు మత్సుదా.

"అంటే ఇల్లరికమేగా రా. మనవాళ్లయితే ఎంత ఎగతాళి చేస్తారు!"

"వీళ్లూ చేసేవాళ్లు నాన్నా. మూడు గిద్దెలు తవుడున్నా చాలు, ఇల్లరికం వెళ్లకు అని సామెత ఉంది." గిద్దె కొలత నేను కలిపిందే. వాళ్ల గో అనే కొలత అంతకన్నా పెద్దది.

ఆయనకు బాగా నచ్చింది ఇంకొకటి. వ్యాపారం ఆవు చొంగలాంటిది, సన్నగా, తెగకుండా, పొడుగ్గా సాగాలి. "బర్రె చొంగ ఇంకా పొడుగుంటుంది," అని చాలాసేపు నవ్వాడు. తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడట.

ఒకటి మాత్రం నాన్నకు చెప్పలేదు. ఎడో కాలంనాటి, అంటే 1868కి ముందటి చిన్న హాస్య కవిత. మొదటి తరం కష్టపడి కూడబెడుతుంది, రెండో తరం నిలబెడుతుంది. మూడో తరంవాడు చదువూ కళలూ నేర్చి వ్యాపారం వదిలేసి, చివరికి ఇంటి ముందు 'అమ్మబడును' అని బోర్డు పెడతాడు. ఆ బోర్డును చైనా శైలి అందమైన అక్షరాల్లో రాస్తాడు. బుచో చెప్పినప్పుడు దాలియన్ అమ్మాయి కూడా పక్కనే ఉంది. మాకూ ఉంది, సంపద మూడు తరాలు దాటదు అంటాం, అంది. ముగ్గురం నవ్వాం. ఇంటికొచ్చి కాంజీ పుస్తకం తెరిచాక వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. తాత, నాన్న, నేను.

మొన్న సంక్రాంతి తర్వాత నాన్న ఫోన్ చేశాడు. మోకాళ్లు బొత్తిగా పనిచేయడం లేదు, గుంటూరులో డాక్టరు మెట్లెక్కద్దన్నాడు. కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాడు.

"సరుక్కి రేటు కట్టగలను. బీరువాలకి, కాటాకి కట్టగలను. నాలుగూళ్ల నుంచి మీ తాత పేరు చెప్పుకుని వస్తారు కదా, దానికి ఎంతని అడగనురా?"

పదేళ్లుగా ఆ లెక్క వేసే సాఫ్ట్‌వేరే నా ఉద్యోగం. ఏమీ చెప్పలేకపోయాను.

"సర్లే, అది వచ్చేవాడితో మాట్లాడుకుంటాలే. ముందు బోర్డు పెట్టాలి. 'నడుస్తున్న కిరాణా కొట్టు ఇవ్వబడును' అని. ఇక్కడ కంప్యూటర్ అక్షరాలు నాకు నచ్చవు. నీ రాత గుండ్రంగా బాగుంటుంది కదా, నువ్వే తెల్ల కాగితం మీద రాసి ఫొటో పంపు. పెద్దది చేయించి అంటిస్తాను. 'నడుస్తున్న' అనేది కొంచెం లావుగా రాయి, రోడ్డు మీదికి కనపడాలి."